ముప్పై సెకన్లు కదలకండి

ఆ ఆదివారం పొద్దున కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం ఆరింటికి కింది హాల్లో క్రిస్మస్ చెట్టుకు దీపాలు వేయగానే ఒక్క ఫోటో తీయాలి. నాలుగో అంతస్తుకు తెచ్చి అత్తగారికి చూపించాలి. ఏడింటికల్లా కూర పొయ్యి మీదకెక్కించాలి.

ముప్పై ఏళ్లుగా ఆ భవనంలో చెట్టును నిలబెట్టి, దీపాల తీగలు చుట్టి, బుట్టెడు బొమ్మలు వేలాడదీసేది అత్తగారే. ఈసారి ఆవిడ బాత్‌రూంలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. తొడదాకా పిండికట్టు. లిఫ్టు పాడై నెల దాటింది. చెట్టును ఇరుగుపొరుగు వాళ్లే కట్టారు. రేపు పొద్దున విప్పేస్తారు.

కోడలు ముందురోజే ఫోన్లో తీసి చూపించింది. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఇదేంటే, తగలబడుతున్న చీపురా?"

"చెట్టే అత్తయ్యా. కాస్త వెలుగెక్కువైంది."

"నేను లేకపోతే అంతేలే" అని ఆవిడ తృప్తిగా తలాడించారు. తర్వాత గోడవైపు తిరిగి, "ముప్పై ఏళ్లలో నేను చూడని చెట్టు ఇదొక్కటే" అన్నారు. ఆ రెండో మాట చెవిన పడకపోయి ఉంటే కోడలు ఆ కెమెరా జోలికే వెళ్లేది కాదు.

కెమెరా భర్తది. మోజుపడి కొని, వారం రోజులు మెళ్లో వేసుకు తిరిగి, అలమరలో పడుకోబెట్టాడు. దాన్ని లేపే బాధ్యత కోడలు తీసుకుని, ఫోటోల క్లాసుకు మూడు వారాలుగా వెళ్తోంది. సరుకుల పుస్తకంలో, సబ్బులూ అగ్గిపెట్టెల తర్వాతి పేజీలో, గురువుగారు చెప్పింది రాసుకుంది: ఫ్లాష్ వద్దు. మిగతా లైట్లన్నీ ఆర్పాలి. కెమెరా కన్ను ముప్పై సెకన్లు తెరిచి ఉంచాలి. ఆ ముప్పై సెకన్లూ దాని మీద ఈగ కూడా వాలకూడదు.

కెమెరాను నిలబెట్టే ముక్కాలి కొనలేదు కాబట్టి ఇస్త్రీ బల్ల దిగింది. బల్లకు ఒక కాలు కుంటి. అందుకని దాన్ని మెట్ల పక్క ఇనప కడ్డీకి భర్త బెల్టుతో బిగించారు.

"నా ప్యాంటో?" అన్నాడు భర్త.

"చేత్తో పట్టుకోండి. రెండో చేత్తో బల్ల పట్టుకోండి."

"మరి ముక్కు దురద పెడితే?"

"ముప్పై సెకన్లేగా, ఓర్చుకోండి."

హాలు లైట్లు ఆర్పమని వాచ్‌మన్‌కు చెప్పింది. అతను తల గోక్కుని, "హాలుకీ మెట్లకీ కలిపి ఒకటే స్విచ్చమ్మా. ఆర్పితే పైదాకా చీకటే" అన్నాడు. "రెండు నిమిషాలే" అంది కోడలు. ఏ పని మొదలెట్టినా ఆమె చెప్పే సమయం అదే.

స్విచ్చు పడింది. చీకటి ఒక్కసారిగా కమ్ముకుని, ఆ చీకట్లోంచి చెట్టు బయటికొచ్చింది.

అంతవరకూ అక్కడున్నది తీగలు చుట్టిన కొమ్మల గుట్ట. ఇప్పుడు కొమ్మల్లేవు, తీగల్లేవు. గాల్లో తేలుతున్న వందల చుక్కలు. కింది నున్నటి రాళ్లలో తలకిందులుగా ఇంకో చెట్టు, దానికీ అన్నే చుక్కలు. కోడలు కెమెరా మీట నొక్కడం మరిచిపోయి నిలబడింది.

"నొక్కవే బాబూ, ప్యాంటు జారుతోంది" అన్నాడు భర్త.

మొదటి ఫోటో అతని తుమ్ముకు పోయింది. రెండోది నొక్కీ నొక్కగానే పైనుంచి తలుపుల చప్పుళ్లు మొదలయ్యాయి. చీకటైందని జనం తిట్టుకుంటూ, ఫోన్ వెలుతుర్లో దిగుతున్నారు. "ఎవడయ్యా లైట్లార్పిందీ?" అని గర్జిస్తూ వచ్చిన మూడో అంతస్తు దంతవైద్యుడు చివరి మలుపు తిరిగి, చెట్టును చూసి, తన దగ్గరికొచ్చే రోగుల్లా నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. వెనక వచ్చిన వాళ్లూ ఒక్కొక్కరే ఏ మెట్టు మీదివాళ్లు ఆ మెట్టు మీదే ఆగిపోయారు. ఫోన్లు వాటంతటవే ఆరిపోయాయి. పదకొండు మంది. ఊపిరి చప్పుడు కూడా లేదు.

కోడలికి అంతకన్నా ఏం కావాలి? "ఎవరూ కదలొద్దు" అని గుసగుసగా చెప్పి మూడోసారి మీట నొక్కింది.

సరిగ్గా అప్పుడే మొదటి అంతస్తులోంచి లెక్కల మాస్టారు బయటికొచ్చారు. రిటైరై పదేళ్లైనా దొరికిన నాలుగు వివరాల్లోంచి జవాబు రాబట్టే అలవాటు పోలేదు. ఆయన నిలబడ్డ చోటికి చెట్టు కనబడదు. కొయ్యబారిన పదకొండు వీపులు కనబడ్డాయి. సంగతేమిటో చూద్దామని కడ్డీ మీద చెయ్యి వేయబోయారు.

"మాస్టారూ! ఆ కడ్డీ ముట్టుకోకండి!" అని కేక వేసింది కోడలు. ముట్టుకుంటే బల్ల కదులుతుందని ఆమె భయం.

మాస్టారికి లెక్క తేలిపోయింది. చీకటి, ఇనప కడ్డీ, బిగుసుకుపోయిన మనుషులు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచి, రబ్బరు చెప్పులు తొడుక్కుని, అగ్నిమాపక దళానికి ఫోన్ చేశారు. "మెట్ల కడ్డీకి కరెంటు పాకిందండీ. పదకొండు మంది నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఉన్నారు. ఒక్కరికీ ఉలుకూ పలుకూ లేదు."

నాలుగు ఫోటోలు చెడిపోయాక, అయిదోది ఇరవై రెండో సెకనులో ఉండగా గుమ్మం ముందు ఎర్ర బండి ఆగింది. దాని దీపం హాలంతా గిరగిరా తిరిగింది.

"అయ్యో, ఆ లైటు ఆపండి!" అంది కోడలు.

విషయం తెలిశాక దళం పెద్దకు కోపం రాలేదు, నవ్వూ రాలేదు. "ఫోన్ వచ్చిందంటే భవనం ఖాళీ చేయించాల్సిందేనమ్మా. అది రూలు. పైన ఇంకెవరైనా ఉన్నారా?"

"మా అత్తగారు. కానీ ఆవిడకి కాలు..."

ఆ మాట పూర్తయ్యేలోపే నలుగురు మనుషులు మడత కుర్చీతో మెట్లెక్కేశారు. అయిదు నిమిషాలైనా దిగలేదు. దళం పెద్ద వైర్‌లెస్‌లో కంగారుగా అడిగితే, "తల దువ్వుకుంటున్నారు సార్. దువ్వుకోకుండా రారట" అని జవాబొచ్చింది.

చివరికి అత్తగారు కుర్చీలో కూర్చుని, కట్టుకట్టిన కాలు ఫిరంగిలా ముందుకు చాపుకుని, "కుడివైపు కాస్త ఎత్తవయ్యా, నీళ్ల డ్రమ్మనుకున్నావా?" అంటూ దిగారు. చివరి మలుపు తిరిగారు. మాట ఆగిపోయింది.

కుర్చీని చెట్టుకు పదడుగుల దూరంలో దించారు. ఎవరూ చెప్పకుండానే దళంవాళ్లు టార్చీలు ఆర్పేశారు. దళం పెద్ద తన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఏ కొమ్మ వంకరైందో ఇప్పుడు చెబుతారని కోడలు కాచుకుంది. చుక్కలన్నీ ఆవిడ కళ్లజోడులోకి దిగి మెరుస్తున్నాయి.

"అత్తయ్యా, బాగాలేదా?"

"ఎప్పుడూ దాని కిందే నిలబడి తీగలు సర్దేదాన్నే" అన్నారు మెల్లగా. "ఇలా దూరం నుంచి, చీకట్లో, ఒక్కసారీ చూళ్లేదు. ఇదా నేనిన్నేళ్లూ చేసింది!"

కోడలు చప్పుడు చేయకుండా ఆరోసారి మీట నొక్కింది. ముప్పై సెకన్లు. ఈసారి ఈగ కూడా వాలలేదు. ఫోటోలో ఒక్కో దీపం ఒక్కో నక్షత్రమై విచ్చుకుంది. ఉండబట్టలేక కదిలిన జనమంతా పొగలా చెదిరిపోయారు. మధ్యలో అత్తగారొక్కరే చెక్కినట్టు స్పష్టంగా ఉన్నారు. పెళ్లైన పన్నెండేళ్లలో ఆవిడ అరనిమిషం పాటు కదలకుండా, మాట్లాడకుండా ఉండటం కోడలు చూడటం అదే మొదలు. ఫోటో చూపించబోతే ఆవిడ చేత్తో పక్కకు నెట్టారు. "అడ్డు తియ్యవే. చెట్టుండగా ఫోటో ఎందుకూ?"

ఇంతలో దళం పెద్ద తన హెల్మెట్ పెట్టుకుని బయల్దేరబోయాడు.

"మరి అమ్మని పైకి?" అన్నాడు భర్త, ప్యాంటు ఎగలాక్కుంటూ.

"దించడం వరకే మా డ్యూటీ సార్. ఎక్కించాలంటే ఆఫీసుకి దరఖాస్తు పెట్టుకోవాలి."

మాస్టారు కాగితం, కలం తెచ్చారు గానీ, రాయడానికి లైటు వేస్తామంటే అత్తగారు ఒప్పుకోలేదు.