పదిహేడవ చీమ దిగ్విజయము

అనంతకోటి బ్రహ్మాండములలో నొకానొక మూల, మూడవ అంతస్తు ప్రయోగశాలయందు, పాతఫ్యాను కిఱ్ఱుమని ఘోషించు మధ్యాహ్నవేళ, ఏకాసనస్థితయు, అనిమేషలోచనయు, మూడుగంటలుగా మంచినీళ్లకైన లేవని మహాతపస్వినియు నగు నొక పరిశోధకురాలు గాజుపెట్టెలోని పదిహేడవ చీమతో ఘోరయుద్ధము చేయుచుండెను.

యుద్ధమనగా చూచుటయే. వీపున పసుపుచుక్క దాల్చిన ఆ చీమ పడుకొన్నది, లేవదు. తోడబుట్టినవారికి చాకిరి చేయుట చీమల జన్యువులలోనే యున్నదని, ఈ పుట్టలో సోమరి పుట్టదని, ఐదేండ్లు శ్రమించి ఆ మహాతల్లి అధ్యాయము వ్రాసియుండెను. నాలుగింటికి గైడుగారు వత్తురు. అప్పటికిది కాలు కదపనిచో అధ్యాయము చెత్తబుట్ట పాలు. కుంచెతో పొడిచి లేపుదమన్న అది దొంగలెక్క!

అంతలో సెల్‌ఫోను సమరశంఖమువలె మ్రోగెను. అక్కగారు.

"ఒసేయ్, నీ వంతు గిన్నెలు నిన్నట్నుంచీ సింకులోనే ఏడుస్తున్నాయి. ఒక్క అమ్మ కడుపునే పుట్టాం కదా, చాకిరీ అంతా నాకేనా?"

చీమపైనుండి చూపు మరల్పక ఆ ధీర యిట్లు గర్జించెను: "అక్కా! చీమల్లో అక్కచెల్లెళ్లకి ముప్పాతిక వంతు జన్యువులు ఒకటే. అందుకే ఒకదానికోసం ఒకటి ప్రాణాలిస్తాయి. మనకి కలిసేది సగమే! నన్నేం చెయ్యమంటావ్?"

"అయితే సగం గిన్నెలే తోము!" అని అక్క ఫోను పెట్టివేసెను.

ఐదేండ్ల పాండిత్యము ఫోను ప్రక్కన పడవేసి, మరల చీమను కాచుచుండెను.

మూడుగంటల యేబదియెనిమిది నిమిషములకు, వరండాలో గైడుగారి చెప్పులచప్పుడు వినవచ్చుచుండగా, ఆహా! పదిహేడవ చీమ మీసములు దువ్వుకొని, తీరికగా లేచి, ఒక గ్రుడ్డు నెత్తి, అంగుళము మోసి, దింపి, మరల పడుకొనెను. ప్రక్కనున్న వేఱొక చీమ కిక్కురుమనక ఆ గ్రుడ్డు నందుకొని పోయెను.

"సగంలో వదిలేసింది కదమ్మా?" అనిరి అప్పుడే లోనికి వచ్చి వంగి చూచుచున్న గైడుగారు.

"సగమైనా మోసింది కదండీ!" ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"సరే, రాసుకో."

అధ్యాయము బ్రదికినది.

సాయంకాలము ఆ విజేత వంటింట ప్రవేశించి, పదునాలుగు గిన్నెలు లెక్కించి, ఖచ్చితముగా ఏడు తోమి, చేతులు తుడుచుకొనెను.

"సగంలో వదిలేశావేమే?"

"సగమైనా తోమాను కదక్కా!"

అక్క ఎగాదిగా చూచెను. మిగిలినవి తోముటకు తానే వంగెను. ఆ వంగుట చూడగానే చెల్లెలికి గ్రుడ్డు నందుకొనిపోయిన ఆ రెండవ చీమ గుర్తుకు వచ్చి, తల కొట్టేసినట్లయ్యెను. దానికి తాను చుక్కయైన పెట్టలేదు, నంబరైన వేయలేదు.

"ఇటివ్వవే" అని ఎనిమిదవ గిన్నె లాగుకొనెను.

దిక్కులారా, వినుడు! జన్యువుల లెక్కకు మించి ఒక గిన్నె తోమబడినది.