స్పాంజి కేకుకు ఎలక్ట్రానిక్ ఫారం

కాగితం ముక్క మీద పెన్సిలుతో పేరు రాయించుకోవడం అనాగరికం! పాఠకులారా, ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా కురవాంగ్ ఊరి వ్యవసాయ ప్రదర్శన సంఘానికి పంతొమ్మిదేళ్లుగా కార్యదర్శిని. ఎలక్ట్రానిక్ ఫారాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో ఏది మేలో తేల్చుకోవడమంత పుణ్యకార్యం మరొకటి లేదని, పదకొండు నెలల అనుభవంతో చెబుతున్నాను.

పాత పద్ధతి ఎంత దారుణమో చూడండి. ఏటా మార్చిలో, ప్రదర్శన రోజు పొద్దున్నే జనం గుమ్మడికాయలు, జామ్ సీసాలు, కేకు డబ్బాలు పట్టుకుని పోటీలకు షెడ్డుకు వచ్చేవారు. చీటీ మీద తమ పేరు, తెచ్చినదాని పేరు రాసి, వస్తువు పక్కన పెట్టి పోయేవారు. అరనిమిషం! అరనిమిషంలో అయిపోయే పనికి ఇక కమిటీ ఎందుకు?

అందుకే కమిటీ వేశాం. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని గిట్టనివాళ్లు అన్నారు. మేము ఏ గొడ్డలి కొనాలన్న దగ్గరే ఆగిపోయాం కాబట్టి ఆ నింద మాకు తగలదు.

అధ్యక్షుడు రస్‌ది ఎర్ర బొమ్మ ప్రోగ్రాం. అందులో గడులు వాటంతటవే వరుసలో నిలబడతాయి. ఉపాధ్యక్షురాలు గ్లెనిస్‌ది పచ్చ బొమ్మ ప్రోగ్రాం. అందులో వేలితో సంతకం చేయవచ్చు.

"గుమ్మడికాయకి సంతకం ఎందుకు తల్లీ?" అన్నాడు రస్.

"నీ గడులు ఫోన్లో చూశావా? చీమ తలకాయంత ఉన్నాయి!" అంది గ్లెనిస్.

మే నెలకల్లా ఇద్దరికీ మాటల్లేవు. జూన్‌లో మూడో ప్రోగ్రాం తెచ్చాం, పద్నాలుగు రోజులు ఉచితం. పదమూడు రోజులు పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో వెతకడంతోనే సరిపోయింది. ఆపైన సభ్యుల అభిప్రాయం అడుగుదామనుకున్నాం. అభిప్రాయం చెప్పాలంటే ఫారం కావాలిగా! ఆ ఫారం దేనిలో చేయాలి? ఆగస్టు, సెప్టెంబరు ఈ చర్చకే పోయాయి. ఇంత మేధోమథనం పెన్సిలు వల్ల సాధ్యమయ్యేదా, మీరే చెప్పండి!

సమావేశాల్లో కుర్చీలు విరగకుండా కాపాడింది మాత్రం నోలీన్. ఎనభై నాలుగేళ్ల మనిషి. రస్‌కు చిన్నప్పుడు ముక్కు తుడిచింది. ప్రతి సమావేశానికీ ఒక స్పాంజి కేకు తెచ్చేది, మధ్యలో మీగడ, పైన ప్యాషన్‌ఫ్రూట్ గుజ్జు. పదకొండు సమావేశాలు, పదకొండు కేకులు. ఎర్ర పక్షం, పచ్చ పక్షం కేకు దగ్గర ఒకటే పక్షం.

నలభై ఏళ్లుగా స్పాంజి పోటీలో ఆమెది రెండో బహుమతి. మొదటి బహుమతి నీలి రిబ్బను ఎప్పుడూ ఆడపడుచు డల్సీకే. కీళ్లనొప్పులతో డల్సీ ఈ ఏడు పోటీ మానుకుంది.

"ఈసారైనా ఆ నీలి రిబ్బను నా వంటింటి గోడకి తగిలించాల్రా," అంది నోలీన్ రస్‌తో.

ఫిబ్రవరిలో ఓటింగు. ఒక్క ఓటుతో పచ్చది గెలిచింది. ఆ ఓటు నాదే. కేకు నములుతూ ఎప్పుడు చెయ్యెత్తానో నాకే తెలియదు. రస్ అలిగాడని, అతని మాట చెల్లించడానికి అతనడిగిన ఫొటో గడి తప్పనిసరి చేశాం. వస్తువు ఫొటో పెడితేనే ఫారం ముందుకు కదులుతుంది. గడువు ప్రదర్శనకు వారం ముందు.

"పోటీ రోజు పొద్దున్న చేసే కేకుకి వారం ముందు ఫొటో ఎక్కణ్ణుంచి తేనురా?" అంది నోలీన్. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమా?"

"నేనేం చెయ్యను నోలీన్? ఫారం ఒప్పుకోదండీ," అన్నాడు రస్.

"అధ్యక్షుడివి నువ్వా, ఫారమా?"

నిబంధన నిబంధనే! ప్రదర్శన రోజు ఆమె డబ్బా షెడ్డు బయటే ఉండిపోయింది. స్పాంజి పోటీకి సక్రమంగా వచ్చిన ఫారం ఒకే ఒక్కటి. పేరు: పరీక్ష. ఊరు: పరీక్ష. ఫారం పనిచేస్తోందో లేదో చూడటానికి గ్లెనిస్ నింపినది. ఫొటో ఆమె గోధుమరంగు కుక్కది. పక్క ఊరి నుంచి వచ్చిన న్యాయనిర్ణేత నిబంధనల మనిషి. బల్ల మీద కేకుకు బదులు పెట్టిన ఆ ఫొటో ప్రింటు కింద నీలి రిబ్బను కట్టి, చీటీ రాశాడు: "ఎత్తు బాగుంది. కాస్త ఎక్కువ కాలింది."

నోలీన్ అది చదివింది. డబ్బా తీసుకుని ఇంటికి పోయింది. ఆ నడక చూసి నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు.

తర్వాతి సమావేశంలో విషయం: ఎర్ర ప్రోగ్రాం పునఃపరిశీలన. టీ వచ్చింది. అందరి కళ్లూ తలుపు మీదే. నోలీన్ వచ్చింది. ఒక చేతిలో డబ్బా, రెండో చేతిలో పాత చీటీల కట్ట, పెన్సిలు.

"కేకు కావాలా? మీ పేరు, ఏం కావాలో రాయండి."

రాశాం. గడుల్లేవు, సంతకాల్లేవు. అరనిమిషం. చీటీలన్నీ చదువుకుని, సంచిలో పెట్టుకుని, డబ్బా మూత తీసింది. లోపల కేకు ఫొటో ఉంది.

"తినండి నాయనా," అంది.

రస్ లేచి, వచ్చే ఏడు నుంచి మళ్లీ చీటీలే అన్నాడు. గ్లెనిస్ బలపరిచింది. కేకు లేకుండా మేము ఏకగ్రీవంగా చేసిన మొదటి తీర్మానం అదే. నోలీన్ చేతిలోని పెన్సిలు అడిగి తీసుకుని, దాంతోనే మినిట్స్ పుస్తకంలో రాశాను.