జారని బండికి సున్నా మార్కులు

ఆ ఆదివారం ఉదయం ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: డ్రైవింగ్ స్కూలు నడిపే నాన్న, ఆయన్ని నడిపే అమ్మ, వడ్రంగి పని చేసే మావయ్య, కంప్యూటర్లో కారు నడిపే అన్న, ఎవరినీ ఏమీ నడపని చెల్లి. స్టీరింగు, పెడల్సు, సీటు బిగించిన అన్న ఆటబండి రెండో గదిలో కాపురం పెట్టడంతో చెల్లి ఫ్రిజ్ పక్కన పడుకుంటోంది.

నాన్న తీర్పు ముందే చెప్పేశారు. ఇవాళ్టి ఆన్‌లైన్ డ్రిఫ్టింగ్ పోటీలో అన్న తర్వాతి రౌండుకు వెళితే గది వాడిది. వెళ్ళకపోతే బండి అటకెక్కుతుంది, గది చెల్లిది.

డ్రిఫ్టింగ్ అంటే మలుపులో కారును కావాలని పక్కకు జార్చడం. ఎంత అందంగా జారితే అన్ని మార్కులు. అందుకు తగ్గట్టు కారును సర్దుతూ అన్న తిండి కూడా ఆ సీట్లోనే తిన్నాడు. తెరమీది అంకెలు మార్చి, పట్టు తప్పేలా వెనక టైర్లలో గాలి ఎక్కించాడు. ముందు చక్రాలు బాగా తిరిగేలా కోణం పెంచాడు. అంతా కుదిరాక స్నానానికి లేచాడు.

"ఎవర్నీ ముట్టుకోనివ్వకే. నీకు దండం పెడతా."

"సరే" అంది చెల్లి. ఆమె పెదవులు చూస్తే తప్ప ఆ మాట ఎవరికీ తెలియదు.

ముందు నాన్న వచ్చారు. తెరమీద అన్న ఇందాక నడిపిందే మళ్ళీ ఆడుతోంది, కారు తోక తిప్పుకుంటూ మలుపు తిరుగుతోంది. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని బ్రేకు తొక్కీ తొక్కీ అలవాటైన ఆయన కాలు నేలను గట్టిగా తొక్కింది.

"ఇది కారా, సబ్బుబిళ్ళా? పదిమందిలో నా పరువు తీస్తాడు వీడు!"

"నాన్నా... అది..."

"నువ్వూ భయపడ్డావు కదూ? ఉండమ్మా." ఆయన వెనక టైర్లలో గాలి తగ్గించి, చక్రాల కోణాన్ని సగానికి కోసేశారు. కొడుకు గెలవాలని ఆయనకూ ఉంది మరి.

తర్వాత మావయ్య. ఆ సీటు చెక్క ఆయన చేతిదే. పక్కనున్న హ్యాండ్‌బ్రేకు కదలడం చూసి మనసు కష్టపెట్టుకున్నాడు. "నా పనిలో వదులా!" అంటూ స్క్రూలు బిగించేశాడు.

"మావయ్యా, అది కదలాలేమో..."

"మంచినీళ్ళా? వద్దులే తల్లీ."

చివరికి అమ్మ. కింది వాటావాళ్ళు పెడల్స్ చప్పుడు భరించలేకపోతున్నారని యాక్సిలరేటర్ కింద మడతపెట్టిన తువ్వాలు కుక్కింది. ఈసారి ఎలాగైనా చెప్పాలని చెల్లి నోరు తెరిచింది. అమ్మ ఆ నోట్లో బిస్కెట్ పెట్టి వెళ్ళిపోయింది.

అన్న తల తుడుచుకుంటూ వచ్చి కూర్చునేసరికి పోటీ మొదలైంది. ఇక ఏదీ మార్చడానికి వీల్లేదు. మొదటి మలుపులో హ్యాండ్‌బ్రేకు లాగాడు. చెయ్యి నొప్పెట్టింది. యాక్సిలరేటర్ తొక్కాడు. మెత్తగా ఉంది. కారు తన వరుస దాటకుండా, బుద్ధిగా, మలుపులన్నీ తిరిగి వచ్చింది.

"ఈ కారులో గాజుసామాను ఏమైనా ఉందా?" అన్నాడు స్పీకర్లోంచి జడ్జి. "సున్నా!"

"భేష్!" అని నాన్న చప్పట్లు కొట్టారు. "ఎక్కడా గీత పడలేదు!"

"ఎవరు ముట్టుకున్నారు?" అన్నాడు అన్న. ముగ్గురూ గర్వంగా చేతులెత్తారు. అన్న చెల్లి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పలేదూ?"

"చెప్పాను... మెల్లగా."

"జారితేనే మార్కులు నాన్నా!"

"జారితే మార్కులా? ఏ బుద్ధిలేనివాడు ఇస్తాడ్రా?"

అన్నకు ఒళ్ళు మండింది. తువ్వాలు లాగి, స్క్రూలు వదులు చేసి, అంకెలన్నీ మళ్ళీ సర్ది, "నువ్వే జార్చి చూడు" అని నాన్నను సీట్లో కూర్చోబెట్టాడు. కారు గిర్రున తిరిగి గోడకు గుద్దుకుంది. నాన్న మీసం తుడుచుకుని, "ఇంకోసారి" అన్నారు. తర్వాత ఇంకోసారి. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు.

మాట మాటే కదా అని చెల్లి దిండు, పుస్తకాలు మోసుకుని గది గుమ్మంలోకి వచ్చింది.

"వెనక గాలి ఇంకాస్త ఎక్కించరా. తోక సరిగ్గా తిరగట్లేదు" అంటున్నారు నాన్న. పక్కన అన్న నేలను కాలితో తొక్కుతున్నాడు.

"నాన్నా, గది నాదన్నారు!" ఆ గొంతు అమ్మకు వంటింట్లోకి కూడా వినిపించింది.

"నీదేనమ్మా, ఎవరు కాదన్నారు?" నాన్న లేచి వచ్చి, చెల్లి తల నిమిరి, మెల్లగా లోపల్నుంచి తలుపు వేసుకున్నారు.

తలుపుకు స్కూలు కారు వెనకుండే బోర్డు వేలాడుతోంది: 'శిక్షణ జరుగుతున్నది, దూరం పాటించండి.'