అత్త నెత్తికి నల్లరంగు

ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఉమామహేశ్వర ఆ పొద్దున అక్క గంగాదేవిని పీట మీద కూర్చోబెట్టి నెత్తికి నల్లరంగు పూస్తున్నాడు. తన నెత్తికి అప్పటికే పూసుకున్నాడు. అక్కే అతనికి అత్త కూడా. ఆమె కూతురు తనూజనే చేసుకున్నాడు.

అక్కాతమ్ముళ్లిద్దరికీ నొసటి పైన ఒకే చోట పుట్టుకతో వచ్చిన తెల్ల కుచ్చు ఉంది. నాయన నుంచి దిగింది. ఆ ఇంట్లో గొడవపడకుండా పంచుకున్న ఆస్తి అదొక్కటే.

"ఈ వయసులో నాకీ సోకెందుకురా?"

"డాక్టరమ్మ మన కుచ్చులు చూసిందంటే మేనరికమని కనిపెడ్తాది. ఈ పొద్దు నువ్వు అక్కవి కాదు. నన్ను అల్లుడుగారూ అనల్ల."

"ఒరే, నిన్ను చంకనేసుకోని తిప్పినదాన్నిరా!"

"ఆ ఒరేనే మింగమంటాండా."

తనూజకు అయిదో నెల. పోయినసారి కడుపు ఇదే నెలలో పోయింది. "మేనరికం చేసుకుంటే ఇంతే" అన్నాడు అప్పటి డాక్టరు. ఆనాటి నుంచి ఉమామహేశ్వర బిడ్డను తానే చంపినట్టు తిరుగుతున్నాడు. అతను పెళ్లిచీర నేసినా చూసినవాళ్లకు ఏడుపొచ్చేది.

"మామా, బస్సుకు టైమయితాది."

"మామ అనొద్దు. ఏమండీ అను."

"ఏమండీ మామా," అంది తనూజ.

కర్నూల్లో కొండారెడ్డి బురుజుకే చెమట పట్టే ఎండ. స్కానింగు అయ్యాక కొత్త డాక్టరమ్మ ముందు ముగ్గురూ కూర్చున్నారు. ఫ్యాను కూడా అలిసిపోయి తిరుగుతోంది.

"మీ ఇద్దరికీ చుట్టరికం ఉందా?"

"లేదు మేడం. శానా దూరం. పెళ్లిచూపుల్లోనే ఈమెను మొదట చూసినా."

"ఈవిడ?"

"అత్తగారు. పెద్దగా పరిచయం లేదు."

"అవును అల్లుడుగా... రూ," అంది గంగాదేవి. అలవాటు లేని మర్యాద గొంతుకు అడ్డంపడి దగ్గొచ్చింది.

అంతలో చెమటకు అక్కాతమ్ముళ్ల నొసళ్ల మీద ఒకేసారి నల్లచార దిగింది. ఒకే దారిన వచ్చి రెండు ముక్కుల కొసనా ఆగింది. పైన తెల్ల కుచ్చులు రెండూ బయటపడ్డాయి.

"చాలా దూరమే," అంది డాక్టరమ్మ.

ఉమామహేశ్వర తల దించుకున్నాడు. "తప్పంతా నాదే మేడం. బిడ్డ ఎట్లుండాదో అది చెప్పండి."

"గుండె, వెన్నెముక బాగున్నాయి. ఇప్పటికి అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మేనరికమని తనూజ మూడో నెలలోనే చెప్పింది, మీరేమంటారో చూద్దామని అడిగాను. అందుకే ఇద్దరి రక్తం పరీక్షకు పంపించాం."

"అది షుగరుకు కదా!"

"నేనే అట్ల చెప్పినా," అంది తనూజ.

"ఒకే జబ్బు గుణం ఇద్దరిలోనూ దాక్కుని ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. వెతికినవాటిలో మీకు అట్లాంటిది దొరకలేదు. అంతమాత్రాన భయమే లేదని నేననను."

"మరి పోయిన బిడ్డ?"

"ఎందుకు పోయిందో తెలీదు. మీరు చంపారని మాత్రం ఏ పరీక్షా చెప్పదు."

ముగ్గురూ వరండాలోకి వచ్చారు. అతను తువాలుతో మొహం తుడుచుకుంటే నలుపు చెవులదాకా పాకింది.

"అన్నీ తెల్సీ రంగు ఎందుకు పూయనిచ్చినావే?"

"కడుపు పోయినప్పట్నుంచి నువ్వు మనసుపెట్టి చేసిన పని ఇదొక్కటే మామా. బ్రష్షు పట్టుకోని మా అమ్మ నెత్తి చుట్టూ తిరుగుతాంటే, ఆపబుద్ధి కాలే."

గంగాదేవి దగ్గరికి జరిగింది. "ఇంగ ఒరే అనొచ్చునా?"

"అనక్కా."

పొద్దున్నుంచీ మింగిన ఒరేలన్నీ ఆమె ఆ వరండాలోనే కక్కేసింది. అతను ఒక్కదానికీ అడ్డుపడలేదు.