ఎర్రనీళ్ల సీసా

శ్రావణ శుక్రవారం. ఎనిమిదింటికి ద్రాక్షారామంలో బయల్దేరి, పదింటికల్లా సామర్లకోట దగ్గరి ఫ్యాక్టరీలో "పెట్రోలుతో ప్రమాదాలు" అని ఉపన్యాసం ఇవ్వాలన్నది ఉదయభాస్కర్ ఏర్పాటు. ఆయన అక్కడ సేఫ్టీ సూపర్‌వైజరు. చెప్పేవి శ్రీరంగనీతులు, అవసరానికని మంచినీళ్ల సీసాలో పెట్రోలు పోసి వసారా గూట్లో పెట్టుకున్నదీ ఆయనే. వాళ్లమ్మ రత్నమాణిక్యం కలశం కోసం రాజమండ్రి నుంచి తెచ్చిన గోదావరి నీళ్లూ అలాంటి సీసాలోనే, ఆ గూట్లోనే ఉన్నాయి. వరదల రోజులు కనుక ఆ నీళ్లూ పెట్రోలులాగే ఎర్రగా ఉన్నాయి. పైగా ఆయనకు రొంప.

ఒక సీసా బండిలో వంపుకుని బయల్దేరాడు. ఊరు దాటి కాలవగట్టు ఎక్కగానే బండి ఆగిపోయింది. గట్టు మీది మెకానిక్కు అబ్బులు పెట్రోలు గొట్టం ఊడదీసి, కారింది చేతిలో పట్టి వాసన చూశాడు.

"ఇది గోదారండి. పెట్రోలు కాదండి."

ఉదయభాస్కర్‌కు సీసాలు తారుమారయ్యాయని అర్థమైంది. అయితే పెట్రోలు ఇప్పుడు పూజలో, దీపాల పక్కన ఉంది. వెంటనే భార్య సత్యశ్రీకి ఫోన్ చేశాడు.

"దీపం ఆర్పెయ్, సత్యా."

"పండగపూట ఆ మాటేంటండి? కొండెక్కించమనాలి."

"సరే, కొండెక్కించు తల్లీ."

"ఇంకా వెలిగించందే ఎలా కొండెక్కుతుందండి? ముందు వెలిగించనివ్వండి." ఫోన్ పెట్టేసింది.

మళ్లీ పదకొండుసార్లు చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ఆటో ఎక్కి, దారి పొడుగునా భీమేశ్వరుడికి మొక్కుకుంటూ వచ్చాడు. ఇల్లు ఇల్లుగానే ఉంది. తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, అత్తాకోడళ్లు వీధరుగు మీద కూర్చున్నారు. సీసా మూత బిగించి దూరంగా పెరటి నీడలో ఉంది. ఆయనకు ఏడుపొచ్చింది.

"ఫోన్ ఎత్తరేంటే అమ్మా? ప్రాణాలు పోయాయి నాకు."

"కలశంలో పోద్దామని మూత తీస్తే గుప్పుమందిరా. సత్యను దీపం వెలిగించనివ్వలేదు. దాని ఆవిరి నేలబారున పాకి ఎక్కడి నిప్పునైనా అందుకుంటుందని రోజూ అన్నం దగ్గర చెప్పేది నువ్వే కదా. వాసనొస్తే స్విచ్చి, ఫోను ముట్టుకోవద్దన్నదీ నువ్వే."

ఆలస్యానికి కారణం మేనేజరుకు దాచకుండా చెప్పేశాడు. ఉపన్యాసం మరుసటి శుక్రవారానికి వాయిదా పడింది. ఆ రోజు మాట్లాడింది రత్నమాణిక్యం గారు. ఉదయభాస్కర్ పక్కన నిలబడి మంచినీళ్లు అందించాడు.

ఆవిడ వాసన చూసి గానీ తాగలేదు.