తలుపు పూర్తయింది కాబట్టి ఇల్లు పూర్తయినట్టే

ఇంటికి గోడలెందుకండీ? సూటిగా అడుగుతున్నాను, నీళ్ళు నమలకుండా చెప్పండి!

చెప్పలేరు. అలవాటు పడిపోయాం, అంతే. గోడంటూ ఉంటే దానికి రంగు వేయాలి, మేకు కొట్టాలి, ఆ మేకుకు పెళ్ళి ఫోటో తగిలించాలి. ఫోటోలో తనను ఓ మూలకు నెట్టేశారని ఆడపడుచు అలగాలి. కొంపలో సగం గొడవలకు మూలం గోడే! ఈ సత్యాన్ని కనిపెట్టిన ఘనత మా గృహనిర్మాణ శాఖది.

నమ్మకపోతే మా అక్క ఇల్లు చూసి రండి.

మా అక్క బట్టలు కుడుతుంది. బావ సిటీ బస్సు నడుపుతాడు. వాళ్ళకు ఓ రేకుల ఇల్లుండేది. వానొస్తే కురిసేది. కుట్టే జాకెట్లు తడవకుండా అక్క మిషన్‌ను ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుతూ ఉండేది. అంతలో అందరికీ పక్కా ఇల్లు అనే పాలసీ వచ్చింది. పేపర్లో పేజీ నిండా బొమ్మ వేశారు. మేడ, మేడ ముందు పూలకుండీలు, వాటి పక్కన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న కుటుంబం!

రూలు ఒక్కటే. ఇల్లు లేనివాళ్ళకే ఇల్లు.

"ఇదీ ఒక ఇల్లేనా సార్? ఎలా కురుస్తోందో చూడండి" అని బావ మొత్తుకున్నాడు.

శాఖ తరఫున చూడ్డానికొచ్చిన ఇంజినీరు గారు తలెత్తి రేకులకేసి చూశారు. "కురవాలంటే కప్పుండాలి కదయ్యా. కప్పుందంటే ఇల్లున్నట్టే" అన్నారు.

ఏం లాజిక్కండీ! బావ సెలవు పెట్టి, ఉన్న ఇల్లు పీకేశాడు. వెంటనే కొత్త ఇల్లు మంజూరైంది. అక్కా బావా తాత్కాలికంగా మా ముందుగదిలోకి మారారు. తాత్కాలికం అన్నది కూడా గవర్నమెంటు మాటే కాబట్టి దాని అర్థం నేను అడగలేదు.

ఇక పని మొదలైంది. పునాదుల సెక్షన్ మట్టి పరీక్ష కోసం ఎదురుచూస్తోంది. గోడల సెక్షన్ పునాదుల కోసం, కప్పుల సెక్షన్ గోడల కోసం చూస్తున్నాయి. ఒక్క తలుపుల సెక్షన్ మాత్రం ఎవరి కోసమూ ఆగే రకం కాదు! ఏడాది ముగిసేలోగా టార్గెట్ కొట్టాలి మరి. ఓ రోజు లారీ వచ్చింది. ఖాళీ స్థలం మధ్యలో ద్వారబంధం నిలబెట్టి, సిమెంటు పోసి, నీలం రంగు తలుపు బిగించి, తాళం వేశారు. అక్కా బావలను దాని ముందు నిలబెట్టి, తాళంచెవి చేతిలో పెడుతూ బాగా దగ్గర నుంచి ఫోటో తీశారు. గోడలు లేవని ఫోటోలో ఎవడికి తెలుస్తుంది? ఇల్లు పూర్తయిందని పైవాళ్ళకు రిపోర్టు పంపేశారు.

ఎన్ని సుఖాలో చూడండి! గాలీ వెలుతురూ నాలుగు వైపుల నుంచీ వస్తాయి. దొంగ వస్తే ఎటు నుంచి చొరబడాలో తేల్చుకోలేక తెల్లబోతాడు. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుని ధడాలున తలుపేసుకున్నా ఒకరికొకరు కనిపిస్తూనే ఉంటారు. ఎంతసేపని అలుగుతారు?

నా సుఖం కూడా చెప్పాలి. నా రాతబల్ల మీద ఇప్పుడు కుట్టు మిషన్ ఉంది. ఈ వ్యాసం మోకాళ్ళ మీద పెట్టుకుని రాస్తున్నాను. ఆ మిషన్ చప్పుడు చేసి నన్ను విసిగిస్తే బాగుండును. అక్క దగ్గర కుట్టించుకునే వాళ్ళెవరూ ఇంత దూరం రావడం లేదు. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

మొన్న ఇంజినీరు గారు తనిఖీకి వస్తున్నారంటే అక్కా నేనూ వెళ్ళాం. ఆయన తలుపు చుట్టూ తిరిగి, తట్టి చూసి, చెక్క గట్టిదేనని మెచ్చుకున్నారు. అంతలో వాన అందుకుంది. అక్క కొంగు ముడి విప్పి, తాళం తీసి, తలుపు బార్లా తెరిచింది.

"తడిసిపోతున్నారు సార్. లోపలికి రండి."

ఆయన అలవాటు కొద్దీ బూట్లు విప్పి గడప దాటారు. అటు పక్కా వానే!

కాసేపు అటూ ఇటూ చూసి, "ఏమైనా ఫిర్యాదు ఉందా అమ్మా?" అన్నారు.

"గోడలు కట్టమని అడగను సార్. మా పాత ఇల్లు మాకిప్పించండి, చాలు."

"అది కురుస్తుంది కదమ్మా!" అన్నారాయన, కళ్ళద్దాల మీద నీళ్ళు తుడుచుకుంటూ.

"అందులో అక్కడక్కడే కురిసేది సార్" అంది మా అక్క.