ఉప్పునీటి తొట్టిలో తెల్లచుక్కల కేసు

ఫిబ్రవరి పదకొండు, ఆదివారం. ఉదయం తొమ్మిదింబావుకి జామ్ రాసిన బ్రెడ్డు ముక్కలు రెండు, ఉడికించిన గుడ్డు ఒకటి తిన్నాను. ఇంత చిన్న సంగతిని ఇన్నాళ్లు దాచుకున్న బుర్ర నేరపరిశోధనకే పుట్టిందని మీకీపాటికి అర్థమై ఉండాలి. కాకపోతే మీరూ మా కోడలి పక్షమే.

గుడ్డు ఇంకా నోట్లో ఉండగానే హాల్లో నేరం బయటపడింది. ఉప్పునీటి అక్వేరియంలో పెద్దాయన మేత ముట్టలేదు. పెద్దాయన అంటే నారింజ ఒంటి మీద తెల్లపట్టీలున్న చేప. తొమ్మిదేళ్ల కిందట మా ఆవిడ తెచ్చి పెంచింది. ఆవిడ పోయి రెండేళ్లు. పొద్దున్నే నా మొహం చూసి సంబరపడే ప్రాణి ఇంట్లో అదొక్కటే. అలాంటిది ఒంటినిండా ఉప్పు చల్లినట్టు చుక్కలతో, ఓ మూల నక్కి రొప్పుతోంది.

"హత్యాయత్నం!" అన్నాను భూతద్దం తీసి. "ఎవరో పొడి చల్లారు."

"మామయ్యా, గురువారం తెచ్చిన నీలం చేపని ఎక్కడ పెట్టారు?" అంది కోడలు.

"ఎక్కడ పెడతాను? ఇందులోనే."

"అత్తయ్యైతే కొత్తదాన్ని నెలరోజులు వేరే తొట్టిలో ఉంచి, జబ్బేమీ లేదని తేలాకే కలిపేవారు కదా?"

"ఇంటికొచ్చినవాణ్ణి నెలరోజులు బాత్రూంలో కూర్చోబెడతామా? మర్యాద ఉండక్కర్లా? అయినా చూడు, పెళ్లికొడుకులా ఎలా మెరిసిపోతున్నాడో! వాడు ప్రత్యక్ష సాక్షి. సాక్షిని అనుమానించడం డిటెక్టివ్ చెయ్యకూడని మొదటి తప్పు."

కోడలు నుదురు కొట్టుకుంది. నేను పక్కింటి డ్రాయింగు మాస్టారిని పిలిపించాను. అక్వేరియం మోటారు రొదకి నిద్ర పట్టడం లేదని ఆయన ఆర్నెల్లుగా గొణుగుతున్నారు. కారణం ఉంది. చేతుల నిండా తెల్లపొడి ఉంది. ఇంకేం కావాలి?

"మాస్టారూ, ఆ వేళ్లకున్న తెలుపేమిటి?"

"సుద్దముక్క పొడి. ఇరవై ఆరేళ్లుగా ఉంది."

"నిన్న సాయంత్రం మా అక్వేరియం పక్కన నిలబడ్డారా, లేదా?"

"పేపరు కోసం వచ్చా. నిలబడక పడుకుంటానా?"

"మా మోటారు మోతంటే మీకు గిట్టదు!"

"గిట్టదు. అంతమాత్రాన మీ చేపకి వెల్ల వేస్తానా? కాస్త ఆలోచించి మాట్లాడండి, పెద్దవారు!"

ఘటికుడు. ఇలాంటివాళ్లని సాక్షికి ఎదురుగా కూర్చోబెడితేగాని నోరు విప్పరు. అక్వేరియం నీళ్లే ఒక ప్లాస్టిక్ టబ్బులో పోసి, నీలం చేపని వలతో పట్టి అందులో వేశాను. పైన టేబుల్ లైటు వెలిగించాను. ఎదురుగా మాస్టారు. "ఇప్పుడు చెప్పండి!" అని గంభీరంగా ముందుకు వంగేసరికి, భూతద్దం చేజారి దబ్బున టబ్బులో పడింది. చేప బెదిరి పక్కకు ఒరిగింది.

రంగులు తెలిసిన కన్ను కదా, మాస్టారే ముందు చూశారు. "ఇదిగోనండీ, రెక్క కింద. ఈ చుక్కలు మాత్రం నేను పెట్టలేదు."

అవే చుక్కలు. సాక్షే ముద్దాయి. పెద్దాయనకి జబ్బు మోసుకొచ్చినవాడు వాడు. వాణ్ణి సగౌరవంగా లోపలికి తోడుకొచ్చిన ఘనుడు భూతద్దం కోసం టబ్బులో చేయిపెట్టి వెతుక్కుంటున్నాడు. కోడలు నన్ను చూసింది. ఫోన్ తీసి చేపల దుకాణం నంబరు వెతకడం మొదలుపెట్టింది. "చెప్పానా మామయ్యా" అననందుకు ఆమెకు నేను ఈరోజుకీ రుణపడి ఉన్నాను.

చేపల దుకాణం ఆయనకి ఫోన్ చేశాం. "నేరుగా కలిపేశారా? చదువుకున్నవారు!" అన్నాడు. రెండింటినీ వేరే తొట్టిలో పెట్టి మందు వెయ్యాలి. పెద్ద అక్వేరియంలో రెండున్నర నెలలు చేపన్నది ఉండకూడదు. నీళ్లలో ఉన్న ఆ చుక్కల జబ్బు పురుగు చేప దొరక్క ఆకలికి మాడి చావాలి.

"పెద్దది బతుకుతుందా?"

"వయసైంది కదండీ. ఇవాళే మొదలుపెట్టండి, చూద్దాం."

కోడలు స్టోర్‌రూం ఖాళీ చేసింది. మాస్టారు చొక్కా చేతులు మడిచి నీళ్ల గొట్టం పట్టుకున్నారు. క్షమాపణ చెప్పబోతే, "ముందు ఆ బకెట్టు ఇలా జరపండి" అన్నారు.

ఎనిమిది రోజులు పెద్దాయన ఏమీ తినలేదు. నేనూ పెద్దగా తిన్నట్టు గుర్తులేదు. తొమ్మిదో రోజు రాత్రి భోజనాలయ్యాక కోడలు మెల్లగా పిలిచింది. పెద్దాయన రొయ్యముక్కని నోట పట్టి, ఉమ్మేసి, కాసేపు చూసి, మళ్లీ పట్టి మింగాడు.

కేసు వివరాలు మొదటినుంచీ చెబుదామని గొంతు సవరించుకున్నాను.

"రేపు చెబుదురుగాని మామయ్యా. వాళ్లని పడుకోనివ్వండి" అని కోడలు లైటు తీసి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.